జుబ్బా రాతి చిత్రాలు: ఏ గంటకు ఏ రాయి ముందు నిలబడాలి

మీరు అడిగింది ఇదీ: రియాద్‌లో ఉద్యోగం, విజిట్ వీసా మీద అమ్మానాన్న వచ్చి ఉన్నారు, ఇద్దరు చిన్న పిల్లలు, చేతిలో మామూలు సెడాన్ కారు. డిసెంబర్‌లో ఒక వారాంతంలో ఉత్తర సౌదీలోని హాయిల్ వైపు వెళ్ళి జుబ్బా, షువైమిస్ రెండు చోట్లా రాతి చిత్రాలు చూడొచ్చా? ఫోర్‌బైఫోర్ తప్పనిసరా? సూర్యోదయానికే అక్కడ ఉండాలంటున్నారు, నిజమేనా?

ముందు సూటిగా జవాబు. జుబ్బాకు మీ సెడాన్ చాలు. షువైమిస్‌ను ఈసారికి వదిలేయండి. సూర్యోదయానికి పరుగెత్తక్కర్లేదు, ఉదయం పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాటేదాకా అక్కడ ఉండేలా చూసుకోండి. చాలామంది ఏడింటికే వెళ్ళి, ముప్పావుగంట తిరిగి, "ఏవో గీతలున్నాయి, పెద్దగా ఏమీ కనిపించలేదు" అని వెనక్కి వస్తారు. చిత్రాలు లేక కాదు, వాళ్ళు వెళ్ళిన సమయానికి వెలుతురు సరిగా లేక.

ఈ వెలుతురు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతా ప్లాన్ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మన చింతకుంటలోనో, రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లోనో ఉన్నవి ఎక్కువగా రంగుతో వేసిన బొమ్మలు. రంగు బొమ్మ నీడలోనూ కనిపిస్తుంది. జుబ్బాలో ఉన్నవి చెక్కినవి. అక్కడి కొండ ఇసుకరాయి. వేల ఏళ్ళుగా దాని పైన ఇనుము, మాంగనీసు, దుమ్ములోని బంకమన్ను కలిసి నల్లగా, ముదురు గోధుమ రంగులో ఒక పలచటి పొర కట్టింది. దాన్ని డెజర్ట్ వార్నిష్ అంటారు. గట్టి రాయితో ఆ పొరను కొట్టి, లోపలున్న లేత రంగు రాయిని బయటికి తెచ్చి బొమ్మ తీశారు. కాబట్టి బొమ్మ మన కంటికి ఆనడానికి రెండే ఆధారాలు: పొరకూ లోపలి రాయికీ ఉన్న రంగు తేడా, చెక్కిన గాడి లోతు.

ఎండ రాయికి ఎదురుగా పడితే రెండూ పోతాయి. నల్లపొర మెరిసి తెల్లగా కనిపిస్తుంది, గాడిలో నీడ ఉండదు. ఎండ పక్కనుంచి, రాయిని ఒరుసుకుంటూ పడితే ప్రతి గాటుకీ సన్నటి నీడ వచ్చి బొమ్మ లేచి నిలబడుతుంది. రాయి పూర్తిగా నీడలో ఉంటే లోతు తెలియదు గానీ రంగు తేడా బాగా తెలుస్తుంది. పాత, మసకబారిన బొమ్మలకు పక్క ఎండ కావాలి. కాస్త కొత్తవాటికి నీడ చాలు.

జుబ్బాలో ముఖ్యమైన రాళ్ళు ఉమ్ సిన్మాన్ కొండ తూర్పు వైపు, ఊరికి అభిముఖంగా ఉన్నాయి. డిసెంబర్‌లో సూర్యుడు దాదాపు ఏడింటికి ఆగ్నేయంలో ఉదయిస్తాడు. తెల్లవారిన తర్వాత రెండు మూడు గంటల పాటు తూర్పు ముఖం రాళ్ళ మీద ఎండ ఎక్కువగా ముందునుంచే పడుతుంది. ఫొటోలో ఎర్రగా, అందంగా ఉంటుంది, చెక్కడం మాత్రం ఆనదు. పదకొండు నుంచి పన్నెండు మధ్య సూర్యుడు దక్షిణానికి చేరతాడు. అప్పుడు తూర్పు ముఖాల మీద ఎండ పక్కనుంచి జారుతుంది. చూడాల్సిన ఘడియ అదే. పన్నెండు దాటాక అవే రాళ్ళు నీడలోకి వెళతాయి, రంగు తేడా చూడటానికి బాగుంటాయి. దక్షిణం వైపు తిరిగిన రాళ్ళ సంగతి వేరు. వాటికి ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత బాగుంటుంది. ఫోన్‌లో దిక్సూచి తెరిచి, రాయి ఏ దిక్కుకు చూస్తోందో ముందు గమనించండి. ఒక రాయి మీది బొమ్మ బాగా కనిపించకపోతే దాన్ని వదిలేయకండి, గంట తర్వాత మళ్ళీ రండి.

ఇక ప్రయాణం. రియాద్ నుంచి బురైదా మీదుగా హాయిల్ సుమారు 650 కి.మీ. ఆగుతూ వెళితే ఏడు గంటలు. పెద్దవాళ్ళతో అయితే గురువారం సాయంత్రం విమానమో, రియాద్–హాయిల్ రైలో ఎక్కి, హాయిల్‌లో కారు అద్దెకు తీసుకోవడం నయం. సొంత కారే అనుకుంటే ఒక్కటి గట్టిగా చెబుతాను: చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద వద్దు. కంచె తెగిన చోట ఒంటెలు రోడ్డెక్కుతాయి. ఒంటె కాళ్ళు పొడుగు, ఒళ్ళు ఎత్తులో ఉంటుంది. హెడ్‌లైట్ వెలుగుకు కాళ్ళు మాత్రమే కంటికి ఆనుతాయి, గుద్దితే ఆ బరువంతా బానెట్ మీది నుంచి నేరుగా అద్దం మీదికి వస్తుంది. ఆవునో గేదెనో గుద్దినట్టు ఉండదు.

హాయిల్ నుంచి జుబ్బా వాయవ్యంగా సుమారు 100 కి.మీ., గంటంపావు. ఊరి దాకా తారు రోడ్డే. పెట్రోలు హాయిల్‌లోనే నిండా కొట్టించండి. గాలి ఎక్కువున్న రోజుల్లో నఫూద్ ఎడారి ఇసుక నాలుకలా రోడ్డు మీదికి పాకుతుంది. దూరానికి రోడ్డు రంగు మారినట్టే అనిపిస్తుంది గానీ, వేగంగా ఎక్కితే స్టీరింగ్ చేతిలోంచి జారుతుంది. వేగం తగ్గించండి, ఇసుక మీద ఉండగా బ్రేకు తొక్కకండి.

రోడ్డు దిగి అడ్డదారిలో దిబ్బల వైపు మాత్రం వెళ్ళొద్దు. "ఇంకో యాభై మీటర్లేగా" అన్న చోటే సెడాన్లు దిగబడతాయి. ఒకవేళ దిగబడితే యాక్సిలరేటర్ తొక్కడం వెంటనే ఆపండి, తొక్కినకొద్దీ చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. చక్రాల ముందు, కారు పొట్ట కింద ఇసుక చేత్తో తీసేయండి. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐ దాకా దించండి, ఫ్లోర్ మ్యాట్లు చక్రాల కింద పెట్టి, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి రండి. తారు రోడ్డెక్కాక గాలి మళ్ళీ నింపేదాకా వేగంగా నడపొద్దు, మెత్తబడ్డ టైరు వేడెక్కి పగులుతుంది.

శుక్రవారం ఉదయాన్ని జుబ్బాకు పెట్టుకోకండి. చిత్రాలున్న చోటుకు కంచె, గేటు ఉన్నాయి. గేటు తీసే మనిషి ఉంటేనే లోపలికి దారి. శుక్రవారం జుమా నమాజు ముగిసేదాకా ఊరంతా నిశ్శబ్దంగా ఉంటుంది. అందుకని శుక్రవారం హాయిల్‌లో ఆరిఫ్ కోట, కిష్లా కోట చూసుకుని, శనివారం ఎనిమిదిన్నరకు బయలుదేరితే పదికల్లా కొండ దగ్గర ఉంటారు. ముందు రోజే హోటల్ వాళ్ళ చేత అరబిక్‌లో ఫోన్ చేయించి గేటు సమయాలు కనుక్కోండి. మీ ఇఖామా (నివాస అనుమతి కార్డు), అమ్మానాన్నల పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి, దారిలో చెక్‌పోస్టులుంటాయి.

ఇప్పుడు అసలు విషయం, అక్కడ ఏం చూడాలి.

ఇప్పుడు ఇసుక సముద్రంలా కనిపించే ఆ లోయలో ఒకప్పుడు చెరువు ఉండేది. పడమటి గాలికి ఇసుకను కొండ అడ్డుకుంది, కొండ చాటున తూర్పు వైపు పల్లం మిగిలింది, వానలు పుష్కలంగా ఉన్న కాలంలో అందులో నీళ్ళు నిలిచాయి. ఆ పల్లంలోనే దాదాపు 75 వేల ఏళ్ళ కిందటి రాతి పనిముట్లు దొరికాయి. అంటే బొమ్మలు చెక్కడానికి చాలా ముందునుంచే జనం ఆ నీటికోసం వస్తూ ఉన్నారు. కొండ ఎక్కే ముందు ఒకసారి వెనక్కి తిరిగి, ఊరున్న పల్లాన్ని నీళ్ళతో ఊహించుకోండి. పశువుల బొమ్మలు అక్కడెందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది. ఉమ్ సిన్మాన్ అంటే రెండు మూపురాల తల్లి. ఊళ్ళోంచి చూస్తే కొండ రెండు మూపురాల ఒంటె కూర్చున్నట్టే ఉంటుంది, పిల్లలకు ముందే చెప్పండి, వాళ్ళే గుర్తుపడతారు. జుబ్బా, షువైమిస్ రెండింటినీ కలిపి 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అన్ని రాళ్ళూ చూసేయాలని పెట్టుకోకండి. నాలుగైదు రాళ్ళు ఎంచుకుని, ఒక్కో దాని ముందు కనీసం పావుగంట ఉండండి. మొదటి రెండు నిమిషాల్లో పైన ఉన్న కొత్త బొమ్మలే కనిపిస్తాయి. కన్ను అలవాటు పడ్డాక కింద ఉన్న పాత బొమ్మల పొర బయటపడుతుంది.

ఏది పాతదో, ఏది కొత్తదో పోల్చుకోవడానికి ముందు రంగు చూడండి. చెక్కిన గాటు మీద కూడా కాలక్రమేణా నల్లపొర మళ్ళీ కడుతుంది. గాడి చుట్టూ ఉన్న రాయంత నల్లగా మారితే చాలా పాతది, ఇంకా లేతగా ఉంటే కొత్తది. అయితే ఈ పోలిక ఒకే రాయి మీద మాత్రమే చేయాలి. రాయి వాలు, వాన తగిలే తీరు, ఎండ దిక్కు మారితే పొర కట్టే వేగమూ మారుతుంది, కాబట్టి ఈ రాయి మీది నలుపును ఆ రాయి మీది నలుపుతో పోల్చి లెక్క చెబితే తప్పు. రెండోది, ఒకదాని మీద ఒకటి ఎక్కడం. ఆవు పొట్ట మీదుగా ఒంటె కాలు గీత కోసుకుంటూ వెళ్ళిందంటే ఒంటె తర్వాతిది. ఆ గీతలు కలిసే చోట ఏ గాటు దేన్ని తెంచిందో నిదానంగా చూస్తే తెలిసిపోతుంది.

పాత పొరలో పొడవాటి కొమ్ముల పశువులు, పక్కకు తిరిగి నిలబడ్డ సన్నటి మనుషులు ఉంటారు, కొందరు దాదాపు నిలువెత్తు. కుక్కలతో వేట బొమ్మలూ ఉన్నాయి. 2017లో అచ్చయిన ఒక అధ్యయనం షువైమిస్‌లో 156, జుబ్బాలో 193 కుక్కల బొమ్మలు లెక్కపెట్టింది. నడుముకు కట్టిన తాడుతో కుక్కల్ని పట్టుకున్న వేటగాళ్ళ దృశ్యాలకు షువైమిస్ పేరుపొందినా, కుక్కల కోసమే అంత దూరం పోనక్కర్లేదన్నమాట. తర్వాతి పొరల్లో గుర్రాలు, రథం, ఈటెలు పట్టిన రౌతులు, లెక్కలేనన్ని ఒంటెలు.

ఒంటె విషయంలో ఒక జాగ్రత్త. అరేబియాలో ఒంటెను మచ్చిక చేసింది సుమారు మూడు వేల ఏళ్ళ కిందట కాబట్టి, ఒంటె బొమ్మలన్నీ ఆ తర్వాతివేనని గైడ్లు చెబుతుంటారు. మనిషి ఎక్కిన ఒంటెల వరకు అది నిజం. కానీ అడవి ఒంటెలు అంతకు ముందూ ఉన్నాయి, వాటిని చెక్కారు కూడా. నఫూద్ దక్షిణపు అంచున జబల్ మిస్మా, జబల్ అర్నాన్ లాంటి చోట్ల దొరికిన నిలువెత్తు ఒంటెల చెక్కడాలు 12,800 నుంచి 11,400 ఏళ్ళ నాటివని 2025లో పరిశోధకులు ప్రకటించారు. అందుకని ఒంటె కనబడగానే "కొత్తది" అనేయకండి. మీద రౌతు ఉన్నాడా, తాడు ఉందా, పొర ఎంత నల్లబడింది, ఇవి చూశాకే మాట్లాడాలి.

అక్షరాల్లా కనిపించేవి ఎక్కువగా థమూదిక్ రాతలు. అరబిక్ బాగా చదివే మీ ఆఫీసు మిత్రులకు కూడా అవి అర్థం కావు, లిపే వేరు. థమూదిక్ అన్నది ఒకే లిపి పేరు కూడా కాదు, ఇంకా పూర్తిగా వర్గీకరించని అనేక ఉత్తర అరేబియా లిపులకు పండితులు పెట్టుకున్న ఉమ్మడి పేరు. ఎక్కువ రాతలు పొట్టివి: ఎవరి పేరో, ఫలానావాడి కొడుకు ఫలానా అనో, ఒక చిన్న ప్రార్థనో. గీతలు, వృత్తాలు, కొక్కేల్లా విడివిడిగా ఉన్న గుర్తులు కొన్ని వస్మ్ కావచ్చు, అంటే తెగలు తమ ఒంటెలకు వేసుకునే వాతల గుర్తులు. అది అలంకారం కాదు, ఈ నీరు, ఈ మేత మాది అన్న ప్రకటన.

ఫొటోలకు. ఫ్లాష్ ఎదురుగా కొడితే బొమ్మ మాయమవుతుంది. ఎండ ఎదురుగా ఉన్న వేళైతే ఇద్దరు ఒక దుప్పటి అడ్డం పట్టి రాయిని నీడలోకి తెండి, మూడో మనిషి అద్దంతోనో, వెండిరంగు సన్‌షేడ్‌తోనో పక్కనుంచి ఎండను రాయి మీదుగా జార్చాలి. కారు సన్‌షేడ్ ఈ పనికి భలేగా సరిపోతుంది. ఫోన్‌లో వెలుగు కాస్త తగ్గించి తీయండి, లేకపోతే లేత గాట్లు తెల్లగా పేలిపోతాయి. ఎత్తులో ఉన్న రాళ్ళకు ఎనిమిది రెట్ల బైనాక్యులర్ ఉంటే అమ్మానాన్నలు కింద కూర్చునే చూడొచ్చు. రంగు బొమ్మల్ని తేల్చి చూపే డీస్ట్రెచ్ సాఫ్ట్‌వేర్ గురించి మీరు విని ఉంటే, అది ఇక్కడ పెద్దగా పనికిరాదు, మన పాండవుల గుట్టల లాంటి చోట్లకే దాని అవసరం. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయకండి.

ఇంకొకటి, దీనికి మినహాయింపు లేదు. రాయిని తాకొద్దు, తడపొద్దు, సుద్దతో గీతలు దిద్దొద్దు. నీళ్ళు చల్లితే బొమ్మ ఒక్క నిమిషం స్పష్టంగా కనిపిస్తుంది, అందుకే కొందరు సీసా తెరిచి చల్లుతారు. ఇసుకరాయి నీళ్ళు పీలుస్తుంది, లోపలి ఉప్పు కరిగి, ఆరేటప్పుడు పైకి వచ్చి గడ్డకట్టి, పొరను పెచ్చులుగా ఊడదీస్తుంది. చేతి జిడ్డు, చెమట కూడా అదే చోట రోజూ వంద మంది తాకితే నల్లపొరను మార్చేస్తాయి. ఆ పొర మందం మిల్లీమీటర్‌లో చిన్న భాగం, అది కట్టడానికి వేల ఏళ్ళు పట్టింది. ఒకసారి పోతే బాగుచేసే మార్గం లేదు. పిల్లలకు రాయికి రెండు అడుగులు వేయాల్సినంత దూరంలో ఒక గీత చూపించి, అది దాటొద్దని చెప్పండి, చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి బొమ్మ గీయమనండి. చూపు నిలవడానికి అంతకంటే మంచి మార్గం లేదు. నేల మీద పదునైన రాతి ముక్కలు కనిపిస్తే ఏరొద్దు, అవి పనిముట్లు కావచ్చు. ఎక్కడ పడి ఉందన్నదే దాని విలువ, జేబులో వేసుకున్నాక అది ఉత్త రాయి.

పెద్దవాళ్ళ విషయం. కొన్ని చోట్ల మెట్లు, నడకదారి ఉన్నాయి గానీ మధ్యలో ఇసుక, దొర్లే రాళ్ళు తప్పవు. చెప్పులొద్దు, వేళ్ళు మూసే బూట్లు వేయండి. మోకాళ్ళ నొప్పులుంటే చేతికర్ర తెచ్చుకోండి, కింది వరస రాళ్ళతోనే సరిపెట్టుకోండి, అక్కడే చూడదగ్గవి చాలా ఉన్నాయి. ఎక్కడం కన్నా దిగడం కష్టమని ముందే చెప్పి ఉంచండి. డిసెంబర్‌లో పగలు హాయిగా ఉన్నా రాత్రి సున్నా దగ్గరికి పడుతుంది, నాన్నగారికి మంకీ క్యాప్, అమ్మకు శాలువా కారులో ఉండనివ్వండి. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, కారు ఆగిపోతే అన్నట్టు అదనంగా పది లీటర్ల డబ్బా. చలిగా ఉంది కదా అని పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, గాలి పొడిగా ఉండటంతో తెలియకుండానే నీరసపడతారు. గంటకోసారి మీరే అడిగి తాగించండి. రాళ్ళ సందుల్లో చేతులు పెట్టొద్దు, తేళ్ళు, పాములు అక్కడే ఉంటాయి. అంబులెన్సుకు నంబరు 997. మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే పెద్దవాళ్ళతో ఈ ప్రయాణం నేను వద్దనే చెబుతాను.

షువైమిస్ ఎందుకు వద్దన్నానంటే, అది హాయిల్‌కు దక్షిణంగా దాదాపు 250 కి.మీ., జుబ్బాకు పూర్తిగా ఎదురు దిక్కు. రాత్, మన్‌జూర్ అనే రెండు కొండల దగ్గర చిత్రాలున్నాయి. తారు రోడ్డు వదిలాక మట్టి దారి, ఇసుక, ఆ పైన నల్లటి అగ్నిపర్వత రాళ్ళు. ఆ రాళ్ళ అంచులు టైరు పక్కగోడను కోస్తాయి, పక్కగోడ తెగితే పంక్చర్ వేయడం కుదరదు. ఫోర్‌బైఫోర్, రెండు స్టెప్నీలు, దారి తెలిసిన స్థానికుడు, కంచె గేటుకు ముందస్తు ఏర్పాటు, ఇవన్నీ కావాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడలేం. సింహాలు, చీటాలు, కొండమేకలతో ఆ చిత్రాలు గొప్పవి, 2001లోనే పరిశోధకుల దృష్టికి వచ్చాయి కాబట్టి జనం తాకిడీ తక్కువ. దానికి ఒక రోజంతా విడిగా కేటాయించి, పిల్లలు కాస్త పెద్దయ్యాక వెళ్ళండి.

జుబ్బాలో చూడటం ఒంటిగంటన్నరకల్లా అయిపోతుంది. ఊళ్ళో నాయిఫ్ ప్యాలెస్ అని పాత మట్టి ఇల్లు ఒకటి మ్యూజియంలా నిలబెట్టారు, తెరిచి ఉంటే లోపలికి వెళ్ళండి, ఖర్జూరాలతో గహ్వా (అరబ్బీ కాఫీ) పోస్తారు. చాలనుకున్నప్పుడు ఫింజాన్‌ను, అంటే ఆ చిన్న కప్పును, అటూ ఇటూ కాస్త ఊపి ఇవ్వండి, లేకపోతే పోస్తూనే ఉంటారు. మూడింటికల్లా అక్కణ్ణించి కదిలితే వెలుతురుండగానే హాయిల్ చేరతారు. రాత్రి విమానం తీసుకుంటే ఆదివారం ఆఫీసుకు ఇబ్బంది ఉండదు.